పల్లె కౌంటీ జైల్లో మనిషి జాడ: బుకింగ్, ఖైదీ రికార్డులు ఎక్కడ వెతకాలి, ఎలా చదవాలి

అమెరికాలో ఎవరైనా అరెస్టయ్యారని తెలియగానే చాలామంది గూగుల్‌లో పేరు కొట్టి పక్కన ‘జైల్’ అని చేరుస్తారు. పెద్ద నగరాల్లో అది ఒక్కోసారి పనిచేస్తుంది. పదిహేను ఇరవై వేల జనాభా ఉన్న కౌంటీలో (మన జిల్లా లాంటిది) పనిచేయదు. అక్కడ జైలంటే షెరీఫ్ (కౌంటీ పోలీసు అధిపతి) ఆఫీసు వెనకాల కొద్దిపాటి మంచాలున్న భవనం. రాత్రిపూట డ్యూటీలో ఒకరిద్దరు ఉంటారు. వెబ్‌సైటును చూసేది వేరే పని కూడా ఉన్న ఒక క్లర్కు. అలాంటి చోట కూడా రికార్డు ఉంటుంది, చాలా రాష్ట్రాల్లో అది ఎవరైనా అడగదగిన పబ్లిక్ రికార్డే. చిక్కంతా అది మూడు ముక్కలై మూడు ఆఫీసుల్లో ఉండడం వల్ల వస్తుంది. మనిషి లోపల ఉన్నాడా లేడా అన్నది జైలుకు తెలుసు. కేసు ఏమిటో కోర్టు క్లర్కుకు తెలుసు. శిక్ష పడ్డాక ఎక్కడికి పంపారో రాష్ట్ర జైళ్ల శాఖకు తెలుసు. ఒకరి లెక్క ఇంకొకరిని అడిగితే ‘మా దగ్గర లేదు’ అంటారు. వాళ్లు చెప్పేది నిజమే.

ముందు కౌంటీ ఏదో తేల్చుకోండి

పట్టుకున్నది స్టేట్ ట్రూపరైనా, ఊరి పోలీసైనా, షెరీఫ్ డిప్యూటీ అయినా, మనిషిని తీసుకెళ్లేది సాధారణంగా ఘటన జరిగిన కౌంటీ జైలుకే. అందుకే ‘ఫలానా ఊరి దగ్గర’ అంటే చాలదు. ఊరి పోస్టల్ అడ్రసు ఒక కౌంటీలో, ఆపిన రోడ్డు పక్క కౌంటీలో ఉండడం మామూలే. టెక్సస్‌లో 254 కౌంటీలున్నాయి, జార్జియాలో 159. జార్జియాలో ఇంటర్‌స్టేట్ మీద అరగంట ప్రయాణంలో రెండు కౌంటీ గీతలు దాటిపోవచ్చు. ఫోన్ చివరి లొకేషన్, ఎగ్జిట్ నంబరు, మైల్ మార్కర్, వీటిలో ఏది దొరికినా మ్యాప్‌లో పెట్టి కౌంటీ హద్దు చూడండి. చాలామందికి తట్టని ఆధారం ఇంకొకటుంది: కారును ఎత్తుకెళ్లిన టోయింగ్ కంపెనీ. తమను పిలిచింది ఏ ఏజెన్సీయో వాళ్లకు కచ్చితంగా తెలుస్తుంది, అడిగితే చెప్తారు కూడా.

పేర్లు రాష్ట్రాన్ని బట్టి మారతాయి. లూసియానాలో కౌంటీ బదులు ప్యారిష్ అంటారు, మొత్తం 64. వర్జీనియాలో 38 ఇండిపెండెంట్ సిటీలు ఏ కౌంటీ కిందికీ రావు. పైగా అక్కడ నాలుగైదు కౌంటీలు కలిసి ఒకే రీజనల్ జైలు నడుపుకునే పద్ధతి బాగా ఉంది. కెంటకీలో జైలును చూసేది షెరీఫ్ కాదు, విడిగా ఎన్నికయ్యే జైలర్. పెన్సిల్వేనియాలో కౌంటీ జైలునే ‘కౌంటీ ప్రిజన్’ అని పిలవడం చూసి శిక్ష పడిపోయిందేమోనని కంగారు పడేవాళ్లున్నారు. అది పేరు మాత్రమే.

అలాస్కా, కనెక్టికట్, డెలావేర్, హవాయి, రోడ్ ఐలాండ్, వెర్మాంట్ రాష్ట్రాల్లో విచారణలో ఉన్నవాళ్లనూ శిక్ష పడ్డవాళ్లనూ దాదాపుగా రాష్ట్రమే ఉంచుకుంటుంది. అక్కడ కౌంటీ రోస్టర్ (జైల్లో ఉన్నవాళ్ల జాబితా) కోసం వెతికితే టైము దండగ, నేరుగా రాష్ట్ర కరెక్షన్స్ శాఖ సైటుకు వెళ్లాలి. వెస్ట్ వర్జీనియాలో రీజనల్ జైళ్లను నడిపేది కూడా రాష్ట్రమే.

కొన్ని చిన్న కౌంటీలకు సొంత జైలే లేదు, పక్క కౌంటీలో మంచాలు అద్దెకు తీసుకుంటాయి. జైలున్నా ఆడవాళ్లకు విడి గది లేక వాళ్లను మాత్రం పక్క కౌంటీకి పంపేవి ఉన్నాయి. కాబట్టి మొదటి కౌంటీలో పేరు లేకపోతే ‘మీ ఖైదీలను ఇంకెక్కడ ఉంచుతారు’ అని అడగడం అలవాటు చేసుకోండి. నేటివ్ అమెరికన్ రిజర్వేషన్ లోపల జరిగిన అరెస్టైతే ట్రైబల్ పోలీసులనూ అడగాల్సి రావచ్చు.

అరెస్టయిన వెంటనే పేరు కనిపించదు

బుకింగ్ అంటే జైలు ఆ మనిషిని లెక్కలోకి తీసుకోవడం. ఒళ్లు తనిఖీ చేస్తారు, పర్సు, ఫోన్, ఉంగరం ఒక్కొక్కటీ రాసుకుని సంచిలో సీలు వేస్తారు. వేలిముద్రలు, ఫొటో తీస్తారు. ఆరోగ్యం గురించి ప్రశ్నలు అడుగుతారు, వేరే చోట వారెంట్లున్నాయేమో జాతీయ డేటాబేస్‌లో చూస్తారు. ఇదంతా అయ్యేలోగా బుకింగ్ నంబరు పుడుతుంది. రోస్టర్‌లో పేరు ఎక్కేది ఆ తర్వాతే.

పల్లె కౌంటీలో డిప్యూటీ నలభై మైళ్లు నడుపుకుంటూ రావాలి. మద్యం కేసైతే దారిలో ఆస్పత్రిలో రక్త నమూనా కోసం ఆగవచ్చు. జైలర్ ఒక్కడే ఉండి, ముందు ఇద్దరు వరసలో ఉంటే ఇంకా ఆలస్యం. రాత్రి 11 గంటలకు అరెస్టైతే తెల్లవారేదాకా పేరు రాకపోవడం వింత కాదు. ఇక రోస్టర్ రెండు రకాలు. జైలు సాఫ్ట్‌వేరుకు నేరుగా కలిపినది దానంతటదే మారుతుంది. పనిదినాల్లో పొద్దున్నే ఎవరో పీడీఎఫ్‌గా ఎక్కించేదైతే, శుక్రవారం రాత్రి అరెస్టు సోమవారం దాకా కనిపించకపోవచ్చు. పేజీ పైనో కిందో ‘లాస్ట్ అప్‌డేటెడ్’ అని తేదీ, టైము ఉంటాయి. అందరికంటే ముందు చదవాల్సిన గీత అదే, దాన్నే ఎవరూ చదవరు.

దెబ్బలు తగిలి ఆస్పత్రిలో చేరిన మనిషి కస్టడీలో ఉన్నా బుక్ కాకపోవచ్చు. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్ల పేర్లు మామూలుగా పబ్లిక్ జాబితాలో రావు.

రోస్టర్ ఎక్కడుంటుంది, ఎలా చదవాలి

షెరీఫ్ ఆఫీసు సైటులో ‘జైల్ రోస్టర్’, ‘ఇన్‌మేట్ సెర్చ్’, ‘హూ ఈజ్ ఇన్ జైల్’, ‘కరెంట్ ఇన్‌మేట్స్’ అని ఏదో ఒక లింకు ఉంటుంది. అది నొక్కితే చాలాసార్లు బయటి కంపెనీ పేజీకి పోతుంది. జైల్‌ట్రాకర్, జ్యుయెర్కర్, టైలర్ టెక్నాలజీస్ లాంటి పేర్లు కనిపిస్తే భయపడకండి, అవి కౌంటీలు కొనుక్కున్న సాఫ్ట్‌వేర్లే. షెరీఫ్ సైటు నుంచి ఆ లింకు ద్వారానే వెళ్లారా అన్నది ముఖ్యం. గూగుల్‌లో ప్రకటనగా పైన తేలే సైట్లు వేరు. అవి రాష్ట్రం పేరు, కౌంటీ పేరు, జైల్ అన్న మాట కలిపి డొమైన్ పెట్టుకుంటాయి. ‘రిజల్ట్ దొరికింది’ అంటూ ఒక పట్టీ నింపుతూ చివర్లో కార్డు నంబరు అడుగుతాయి. షెరీఫ్ రోస్టర్‌లో పేరు చూడడానికి కార్డుతో పని ఉండదు.

కొందరు షెరీఫులకు సైటు లేదు గానీ ఫేస్‌బుక్ పేజీ ఉంటుంది, వారం వారం బుకింగులు అందులోనే పెడతారు. సైటూ లేక పేజీ కూడా లేకపోతే కౌంటీ సీట్ (కౌంటీ ముఖ్యపట్టణం)లో వచ్చే వారపత్రికలో ‘షెరీఫ్స్ లాగ్’ చూడండి, లేదా ఫోనే.

పేజీ దొరికాక ఒక వరస ఇలా ఉంటుందనుకోండి: బుకింగ్ నంబరు, పేరు, వయసు, బుకింగ్ తేదీ, అరెస్టు చేసిన ఏజెన్సీ, ఛార్జ్, బాండ్ (విడుదలకు కట్టాల్సిన పూచీ మొత్తం), హోల్డ్, కోర్టు తేదీ. బుకింగ్ నంబరు ఈ ఒక్క రాకకే చెల్లుతుంది, రేపు విడుదలై ఎల్లుండి మళ్లీ వస్తే కొత్తది. అదే మనిషికి జైలు ఇచ్చే శాశ్వత నంబరు వేరే ఉంటుంది. కొన్ని చోట్ల దాన్ని ‘నేమ్ నంబర్’ అంటారు, కొన్ని చోట్ల ‘ఎస్ఓ నంబర్’. రెండూ రాసుకోండి. ఫోన్‌లో మొదటిది, రికార్డు అర్జీలో రెండూ అక్కరకొస్తాయి. ఈ రెండూ కోర్టు కేసు నంబర్లు కావు.

ఛార్జ్ గడిలో ఉన్నది డిప్యూటీ రాసిన ఆరోపణ. ప్రాసిక్యూటర్ దాన్ని తగ్గించవచ్చు, పెంచవచ్చు, అసలు కేసే వేయకపోవచ్చు. రోస్టర్‌లో ఫెలనీ (పెద్ద నేరం) అని చూసి బంధువులందరికీ చెప్పేసి, వారం తర్వాత కోర్టులో మిస్‌డిమీనర్ (చిన్న నేరం) అని తేలడం తరచూ జరిగేదే. ‘ఎఫ్‌టీఏ’ అంటే కోర్టుకు రమ్మన్న రోజున రాలేదని. ‘పీవీ’ అంటే ప్రొబేషన్ షరతు ఉల్లంఘన. తాగి నడపడాన్ని కొన్ని రాష్ట్రాలు ‘డీయూఐ’ అంటాయి, కొన్ని ‘డీడబ్ల్యూఐ’, విస్కాన్సిన్ లాంటివి ‘ఓడబ్ల్యూఐ’.

ఎక్కువమందిని బోల్తా కొట్టించేది బాండ్ గడి. అందులో ‘0.00’ అని ఉంటే దానికి మూడు అర్థాలు రావచ్చు: జడ్జి ఇంకా మొత్తం నిర్ణయించలేదు, సొంత పూచీకత్తు మీద వదలమన్నారు, బాండే లేదన్నారు. ‘నో బాండ్’ అని ఉన్నా బెయిల్ తిరస్కరించారని అప్పుడే అనుకోకూడదు, మేజిస్ట్రేట్ ముందుకు ఇంకా వెళ్లలేదేమో. వారెంటు లేకుండా అరెస్టు చేస్తే 48 గంటల్లోగా జడ్జి ఒకరు కారణం సరిపోతుందో లేదో చూడాలని సుప్రీంకోర్టు 1991లో రివర్‌సైడ్ కౌంటీ కేసులో చెప్పింది. అందుకే మొదటి రెండు రోజులు ఈ గడి నిలకడగా ఉండదు. ఛార్జులు మూడుంటే బాండ్లూ మూడుండవచ్చు, ఒక్కటి కట్టి ఇంటికి తెచ్చుకోలేరు. ‘క్యాష్ ఓన్లీ’ అంటే బాండ్స్‌మన్ పనికిరాడు. ఇల్లినాయ్, కెంటకీ, ఒరెగాన్, విస్కాన్సిన్లలో డబ్బు తీసుకుని పూచీ పడే బాండ్స్‌మన్ వ్యాపారమే లేదు. ఇల్లినాయ్‌లోనైతే 2023 సెప్టెంబరు 18 నుంచి నగదు బెయిలే ఎత్తేశారు.

హోల్డ్ గడిలో వేరే ఏజెన్సీ పేరుంటే ఇక్కడ బాండ్ కట్టినా మనిషి బయటికి రాడు, ఆ ఏజెన్సీ కోసం ఆపుతారు. బుకింగ్‌లో తీసిన వేలిముద్రలు ఎఫ్‌బీఐకి, అక్కడి నుంచి హోమ్‌ల్యాండ్ సెక్యూరిటీకి వెళ్తాయి. వీసా మీద ఉన్నవాళ్ల విషయంలో ‘ఐస్’ (ఇమిగ్రేషన్ చట్టాలు అమలుచేసే సంస్థ) డీటెయినర్ రావచ్చు. విడుదల కావాల్సిన సమయం దాటాక ఇంకో 48 గంటల దాకా ఆపి ఉంచమని జైలును కోరే కాగితం అది. బాండ్ కట్టిన మరుక్షణం మనిషి వాళ్ల చేతికి వెళ్లే అవకాశం ఉంది కాబట్టి, ఈ గడిలో ఐస్ అని కనిపిస్తే డబ్బు కట్టేముందు ఇమిగ్రేషన్ తెలిసిన లాయరుతో మాట్లాడాలి.

మన పేర్లు, వాళ్ల గడులు

రోస్టర్‌లో పేరు దొరకకపోవడానికి సగం కారణం మనిషి అక్కడ లేకపోవడం కాదు, పేరు వేరేగా ఎక్కడం. జైలర్ పాస్‌పోర్టులోనో లైసెన్సులోనో ఉన్నట్టు కొడతాడు, పొడుగైతే గడి పట్టినంతే పడుతుంది. ఇంట్లో ‘సాయి’ అని పిలిచే కుర్రాడు లైసెన్సులో ‘వెంకట సాయి కృష్ణ చైతన్య’ కావచ్చు, రోస్టర్‌లో ‘వెంకట ఎస్’గా మిగలవచ్చు. ఇంటిపేరు మొదటి పేరు గడిలోకి, మొదటి పేరు ఇంటిపేరు గడిలోకి మారిపోవడం చాలా మామూలు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్లకు అమెరికా వీసాలో పేరంతా ఇంటిపేరు వైపుకు జరిగి, మొదటి పేరు దగ్గర ‘ఎఫ్ఎన్‌యూ’ అని పడుతుంది. మొదటి పేరు తెలియదు అన్నదానికి పొట్టి రూపమది. అలాంటివాళ్లను రోస్టర్‌లో ఎఫ్ఎన్‌యూ కింద కూడా వెతకాలి.

పూర్తి పేరు కొట్టకండి. ఇంటిపేరులో మొదటి మూడు అక్షరాలు మాత్రం వేయండి. రాకపోతే మొదటి పేరులో మూడక్షరాలు ఇంటిపేరు గడిలోనే వేయండి. లక్ష్మిని ‘కేఎస్‌హెచ్’తో రాస్తారు, ‘ఎక్స్’తో రాస్తారు. రెడ్డికి ఒక డి ఎగిరిపోతుంది, చౌదరికి లెక్కలేనన్ని స్పెల్లింగులు. చిన్న కౌంటీకి ఒక మంచి గుణముంది: జాబితా మొత్తం నలభై యాభై పేర్లే. పేరు గడి ఖాళీగా వదిలి సెర్చ్ నొక్కితే అందరూ వస్తారు. బుకింగ్ తేదీ వరసలో పెట్టి ఫొటోలు చూసుకుంటూ పోతే రెండు నిమిషాల పని.

పుట్టిన తేదీలో అమెరికా వరస నెల, రోజు, సంవత్సరం. 04/07/1999 అంటే వాళ్లకు ఏప్రిల్ 7, మనవాళ్ల నోట జూలై 4. ఫోన్‌లో అంకెలు చెప్పకండి, నెల పేరు చెప్పండి.

ఫోన్ చేసేటప్పుడు

911కు చేయకూడదు. షెరీఫ్ ఆఫీసుకు ‘నాన్ ఎమర్జెన్సీ’ నంబరు, జైలుకు విడిగా నంబరు ఉంటాయి, రెండోదే మనకు కావాల్సింది. పన్నెండు గంటల షిఫ్టులున్న చోట ఉదయం, సాయంత్రం ఆరేడు గంటల మధ్య డ్యూటీ మారుతుంది, ఆ వేళ తప్పించండి. ఇండియా నుంచి చేస్తే ముందు ప్లస్ 1 కొట్టాలి. సెంట్రల్ టైమ్‌లో ఉన్న కౌంటీ వేసవిలో మనకంటే పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర గంటలు వెనక ఉంటుంది.

మాట పొడిగించకుండా ఇలా మొదలుపెట్టండి: ‘ఐ యామ్ చెకింగ్ ఇఫ్ సమ్‌వన్ ఈజ్ ఇన్ యువర్ కస్టడీ. లాస్ట్ నేమ్ ఈజ్...’ అని, ఒక్కో అక్షరానికి ఒక మాట జోడించి చెప్పండి, ‘బి యాజ్ ఇన్ బాయ్, వి యాజ్ ఇన్ విక్టర్’ అన్నట్టు. మన నోట బి, వి, డి, టి ఫోన్‌లో వాళ్లకు ఒకటిగానే వినిపిస్తాయి. ఉన్నాడంటే వరసగా అడగాల్సినవి: బుకింగ్ నంబరు, ఛార్జులు, ఒక్కోదానికి బాండ్ ఎంత, ఏ రకం, హోల్డులున్నాయా, జడ్జి ముందుకు ఎప్పుడు, ఏ కోర్టు. ‘అసలేం జరిగింది’ అని అడగొద్దు. జైలర్‌కు అది తెలియదు, తెలిసినా చెప్పడు. మందులు వాడే మనిషైతే ఆ సంగతి మాత్రం మీరే చెప్పి, జైలు నర్సుకు అందేలా చూడమనండి.

లోపలున్నవాళ్లకు బయటి నుంచి కాల్ కలపరు, వాళ్లే చేయాలి. ఆ కాల్స్ రికార్డవుతాయి. తెలుగులో మాట్లాడితే ఎవరికీ అర్థం కాదులే అనుకుని కేసు వివరాలు మాట్లాడేవాళ్లున్నారు. అనువాదకులు దొరుకుతారు.

ఇంకో సంగతి. విదేశీయుడిని అరెస్టు చేస్తే ‘మీ కాన్సులేట్‌కు తెలియజేయమంటారా’ అని అడగాలని వియన్నా ఒప్పందం 36వ అధికరణం చెప్తుంది. కొన్ని దేశాల విషయంలో అడగకుండానే తెలియజేయాలి గానీ, ఆ జాబితాలో భారత్ లేదు. లోపలి మనిషి కోరితేనే కబురు వెళ్తుంది. కాబట్టి ‘కాన్సులేట్‌కు చెప్పమని నోటితో అడుగు’ అని మొదటి కాల్‌లోనే చెప్పండి.

అక్కడ లేకపోతే

నిన్న ఉన్న పేరు ఇవాళ మాయమైతే విడుదలైనట్టే అనుకోకండి. చాలా రోస్టర్లు ఉన్నవాళ్లనే చూపిస్తాయి, వెళ్లినవాళ్లు ఇంటికి వెళ్లినా వేరే జైలుకు వెళ్లినా ఒకేలా మాయమవుతారు. ‘రిలీజ్డ్’ జాబితా విడిగా ఉంటే కారణం గడి చూడండి. ‘బాండ్’, ‘ఓఆర్’ (సొంత పూచీకత్తు), ‘టైమ్ సర్వ్‌డ్’ (శిక్షా కాలం గడిచిపోయింది) అంటే బయటికి. ‘ట్రాన్స్‌ఫర్’ అంటే ఇంకో చోటికి.

చాలా రాష్ట్రాల్లో కౌంటీ జైళ్లను ఒకేచోట వెతికే సాధనం వైన్‌లింక్. కెంటకీలోని లూయీవిల్‌లో 1990ల్లో, తన మాజీ స్నేహితుడు జైలు నుంచి విడుదలైన సంగతి తెలియక ఒక యువతి అతని చేతిలో హత్యకు గురైన తర్వాత పుట్టిన వ్యవస్థ అది. బాధితుల కోసం పెట్టినదైనా ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. పేరు దొరికాక ఫోన్‌కో మెయిల్‌కో అలర్ట్ పెట్టుకుంటే మనిషిని మార్చినప్పుడు, వదిలినప్పుడు కబురొస్తుంది. కౌంటీ పేజీని పది నిమిషాలకోసారి తిప్పుతూ కూర్చోవడం కంటే ఇది నయం. అయితే అన్ని కౌంటీలూ ఇందులో లేవు, అందులో కనిపించనంత మాత్రాన లేడని అర్థం కాదు.

శిక్ష పడి రాష్ట్రానికి అప్పజెప్పితే ఆ రాష్ట్ర కరెక్షన్స్ శాఖ సైటులో వెతకాలి. తీర్పుకూ తరలింపుకూ మధ్య కొన్ని వారాలు కౌంటీలోనే ఉంచవచ్చు, అప్పుడు రెండు చోట్లా కనిపిస్తాడు, లేదా ఎక్కడా కనిపించడు. ఫెడరల్ ఖైదీలకు బ్యూరో ఆఫ్ ప్రిజన్స్ ఇన్‌మేట్ లొకేటర్ ఉంది, 1982 నుంచి ఉన్నవాళ్లు అందులో దొరుకుతారు. కానీ ఫెడరల్ కేసులో విచారణ ఖైదీని యూఎస్ మార్షల్స్ (ఫెడరల్ కోర్టుల ఖైదీలను చూసే సంస్థ) పల్లె జైలులోనే మంచం అద్దెకు తీసుకుని ఉంచడం బాగా ఉంది. అలాంటి మనిషి కౌంటీ రోస్టర్‌లో ‘మార్షల్స్ హోల్డ్’గా ఉండవచ్చు, కొన్ని కౌంటీలు ఆ పేర్లు చూపనే చూపవు.

ఐస్ చేతికి వెళ్తే వాళ్ల ఆన్‌లైన్ డీటెయినీ లొకేటర్‌లో చూడాలి. ఏ-నంబరు (ఇమిగ్రేషన్ శాఖ మనిషికి ఇచ్చే నంబరు) ఉంటే అదీ, పుట్టిన దేశమూ ఇస్తే చాలు. ఏ-నంబరులో తొమ్మిది అంకెలుండాలి, తక్కువుంటే ముందు సున్నాలు చేర్చండి. ఎఫ్-1 విద్యార్థులకు చాలామందికి ఆ నంబరు ఉండదు, ఓపీటీ (చదువుకు సంబంధించిన ఉద్యోగ శిక్షణ) వర్క్ పర్మిట్ కార్డు వచ్చినవాళ్లకు దాని మీదే ఉంటుంది. నంబరు లేకపోతే పేరుతో వెతకాలి. ఇక్కడ మూడక్షరాల కిటుకు పనిచేయదు, వాళ్లు ఎక్కించిన స్పెల్లింగు అక్షరం తప్పకుండా ఉండాలి. వీసా మీద ఉన్నట్టు, రోస్టర్‌లో ఉన్నట్టు, రెండు పేర్లు తారుమారు చేసి, ఇలా నాలుగైదు రకాలుగా ప్రయత్నించండి.

కేసు నంబరు కోర్టులో

ప్రాసిక్యూటర్ కాగితం వేశాక కోర్టు క్లర్కు దగ్గర కేసు పుడుతుంది. పల్లె కౌంటీ అయినా రాష్ట్రమంతటికీ ఒకే పోర్టల్ ఉంటే పని సులువు. విస్కాన్సిన్‌లో సీసీఏపీ, మిసోరీలో కేస్ డాట్ నెట్, ఓక్లహోమాలో ఓఎస్‌సీఎన్, ఇండియానాలో మైకేస్, పెన్సిల్వేనియాలో యూజేఎస్ పోర్టల్, అన్నీ ఉచితంగా వెతుక్కోవచ్చు. ఫెడరల్ కేసులకు పేసర్ అనే ఫెడరల్ కోర్టుల పోర్టల్. పేజీకి 10 సెంట్లు, ఒక్క పత్రానికి గరిష్ఠంగా 3 డాలర్లు, మూడు నెలల్లో 30 డాలర్లు దాటకపోతే అసలు వసూలు చేయరు.

నంబరు చదవడం నేర్చుకుంటే సగం విషయం అందులోనే తెలుస్తుంది. విస్కాన్సిన్‌లో సంవత్సరం తర్వాత ‘సీఎఫ్’ ఉంటే ఫెలనీ, ‘సీఎమ్’ ఉంటే మిస్‌డిమీనర్, ‘సీటీ’ ఉంటే క్రిమినల్ ట్రాఫిక్, ‘టీఆర్’ ఉంటే మామూలు ట్రాఫిక్ టికెట్. ఓక్లహోమాలోనూ సీఎఫ్, సీఎమ్ అవే అర్థాలతో ఉంటాయి. రోస్టర్‌లోని కోర్టు తేదీకీ కోర్టు సైటులోని తేదీకీ తేడా వస్తే క్లర్కు చెప్పిందే లెక్క.

డబ్బడిగే ఫోన్లు, ఫొటో సైట్లు

రోస్టర్ అందరికీ కనిపిస్తుంది, మోసగాళ్లకు కూడా. బుకింగ్ అయిన కొన్ని గంటల్లోనే షెరీఫ్ ఆఫీసు నంబరులా కనిపించేట్టు చేసి ఇంటివాళ్లకు ఫోన్ కొడతారు. బుకింగ్ నంబరు, ఛార్జ్, పుట్టిన తేదీ అన్నీ కరెక్టుగా చెప్తారు, ఎందుకంటే చూసి చదువుతున్నారు. యాంకిల్ మానిటర్ (కాలికి తగిలించే నిఘా పరికరం) ఫీజు కట్టండి, గిఫ్టు కార్డు నంబర్లు చెప్పండి, క్రిప్టో పంపండి అంటారు. జైలు బాండ్ అలా తీసుకోదు. ఫోన్ పెట్టేసి సైటులో ఉన్న జైలు నంబరుకు మీరే చేయండి.

మగ్‌షాట్ (బుకింగ్ ఫొటో) ఎత్తుకుని పెట్టుకునే సైట్లు తీసేయడానికి డబ్బు అడుగుతాయి. ఒకరికి కడితే ఇంకో రెండు చోట్ల తేలుతుంది. ఈ వ్యాపారాన్ని అడ్డుకునే చట్టాలు చాలా రాష్ట్రాల్లో వచ్చాయి, ముందు ఆ రాష్ట్ర చట్టం చూసి రాతపూర్వకంగా అడగండి. ఇంటి యజమానిగానో కంపెనీగానో ఎవరినైనా వడకట్టడానికి రోస్టర్లు వాడదలిస్తే ఆగండి. ఆ పనికి ఏజెన్సీ నుంచి రిపోర్టు తెప్పించుకుంటే 1970 నాటి ఫెయిర్ క్రెడిట్ రిపోర్టింగ్ చట్టం నిబంధనలన్నీ వర్తిస్తాయి. పైగా రోస్టర్‌లో ఉన్నది ఆరోపణే, తీర్పు కాదు.

పాత బుకింగ్ కావాలంటే అర్జీ

రెండేళ్ల కిందటి బుకింగ్ రోస్టర్‌లో దొరకదు, రాసి అడగాలి. ఫెడరల్ సమాచార చట్టం కౌంటీలకు వర్తించదు, ఆ రాష్ట్ర పబ్లిక్ రికార్డ్స్ చట్టం పేరు రాయాలి. గడువులు వేరువేరు: జార్జియాలో 3 పనిదినాలు, ఇల్లినాయ్‌లో 5. టెక్సస్‌లో ఇవ్వకూడదనుకుంటే 10 పనిదినాల్లోగా అటార్నీ జనరల్‌ను అడగాలి. దర్యాప్తు నడుస్తోందన్న కారణంతో అక్కడ రిపోర్టు ఆపవచ్చు గానీ, అరెస్టుకు సంబంధించిన ప్రాథమిక సమాచారం ఆపలేరు. వర్జీనియా, టెనెస్సీ లాంటి కొన్ని రాష్ట్రాలు తమ రాష్ట్రవాసులకే ఇస్తామనవచ్చు, 2013లో సుప్రీంకోర్టు దాన్ని ఒప్పుకుంది. అలాంటప్పుడు అక్కడుండే స్నేహితుడి పేరుతోనో లాయరుతోనో అర్జీ పెట్టించండి.

‘ఫలానా మనిషి రికార్డులన్నీ’ అని రాస్తే అర్జీ పక్కన పడుతుంది. పూర్తి పేరు, ఉన్న స్పెల్లింగులన్నీ, పుట్టిన తేదీ, అరెస్టు జరిగిందనుకునే రెండు తేదీల మధ్య కాలం రాయండి. కావాల్సిన కాగితం పేరు పెట్టి అడగండి: బుకింగ్ షీట్, రిలీజ్ షీట్, అరెస్ట్ రిపోర్ట్. ఖర్చు 25 డాలర్లు దాటేట్టుంటే ముందు చెప్పమనండి. ఇవ్వకపోతే ఏ సెక్షన్ కింద ఇవ్వడంలేదో రాయమనండి. వైద్య వివరాలు, సోషల్ సెక్యూరిటీ నంబరు ఎలాగూ నల్లగీత కిందికి పోతాయి. రికార్డు సీల్ అయినా, ఎక్స్‌పంజ్ (చెరిపేయడం) అయినా ‘లేదు’ అన్న జవాబే వస్తుంది.

గ్రీన్‌కార్డుకో సిటిజన్‌షిప్‌కో కావాల్సి వస్తే జైలు కాగితం చాలదు. కేసు కొట్టేసినా సరే, కోర్టు క్లర్కు ముద్రతో ‘సర్టిఫైడ్ డిస్పొజిషన్’ (కేసు చివరికి ఏమైందో చెప్పే పత్రం) తేవాలి. పల్లె క్లర్కుల్లో చాలామంది కార్డు తీసుకోరు. మనీ ఆర్డరు, మీ చిరునామా రాసి స్టాంపు అంటించిన కవరు పంపమంటారు. ముందే ఫోన్ చేసి మొత్తం ఎంతో కనుక్కుని, రెండు కాపీలకు సరిపడా పంపండి. కేసు అసలు ఫైలే కాలేదని చెప్తే, ఆ మాటనే లెటర్‌హెడ్ మీద ‘నో రికార్డ్ ఫౌండ్’ అని రాసి, మీ పేరు, పుట్టిన తేదీ, వెతికిన సంవత్సరాలు పెట్టి ముద్ర వేసి ఇమ్మనండి.